కెమెరాకు ఆజ్ఞ చేరిందా? – నెట్‌వర్క్ కంట్రోలర్ల అమరికపై ఒక విమర్శ

ఒక పనిముట్టును మెచ్చుకొనడానికి అది సవ్యంగా పనిచేసిన రోజు చాలును. దాని మంచిచెడ్డలు తేల్చడానికి మాత్రం అది పనిచేయని రోజే కావలె. వీడియో కెమెరాలను దూరం నుండి నడిపే నెట్‌వర్క్ కంట్రోలర్లను గురించి వ్రాయాలని నాకు చాలాకాలంగా ఉన్నది. కాని అవి చక్కగా పనిచేస్తున్నంతకాలం వ్రాయడానికి నావద్ద పొగడ్త తప్ప మరేమీ లేకపోయింది.

ఈ కెమెరాలను పాఠకులలో చాలామంది చూచే ఉంటారు. సభామందిరంలో గోడకో కప్పుకో బిగించి ఉంటవి. వెనుక మనిషి ఉండడు. కెమెరా తల కుడియెడమలకు తిరుగుతుంది. దీనిని పాన్ అంటారు. పైకి క్రిందికి వంగుతుంది, అది టిల్ట్. దూరాన ఉన్నదానిని దగ్గరగా చూపుతుంది, అది జూమ్. ఈ మూడు పేర్ల మొదటి అక్షరాలను కూర్చి వీటిని పి.టి.జెడ్. కెమెరాలని పిలుస్తారు. ఒక మూల బల్ల దగ్గర కూర్చున్న మనిషి, జాయ్‌స్టిక్కూ కొన్ని బొత్తాలూ ఉన్న కంట్రోలర్‌ను ముందు పెట్టుకొని ఒక్కడే మూడు నాలుగు కెమెరాలను ఆడించగలడు. ఇదివరకు కంట్రోలర్ నుండి కెమెరాకు ఆజ్ఞల కోసం ప్రత్యేకమైన తీగ వేసేవారు. ఇప్పుడు కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ తీగతోనే ఆ పని జరుగుతున్నది. ఈ మార్పు మేలైనదేనా? దీనిని అమర్చుకొనే పద్ధతిని తయారీదారులు మనకు సరిగా చెబుతున్నారా? ఈ రెండు ప్రశ్నలను విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక ఉదయం జరిగిన సంగతి

మా కళాశాల సమావేశమందిరంలో ఇట్టి కెమెరాలు మూడు ఉన్నవి. కంట్రోలర్ నడిపే బాధ్యత నాది. ఒకసారి ఒక విశ్రాంత భౌతికశాస్త్రోపాధ్యాయుల చేత ధ్వనిని గురించి ఉపన్యాసం ఏర్పాటు చేశాము. ఎర్నెస్ట్ క్లాడ్నీ 1787లో ప్రచురించిన ఇసుక ఆకృతులను ఆయన ఇత్తడి పలక మీద ఫిడేలు కమానుతో తీసి చూపుతారు. కమాను ఎక్కడ ఆనించాలె, పలకను ఏ వేలితో ఎక్కడ నొక్కిపట్టాలె అన్నది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. ఏళ్లతరబడి చేసిన చేతికే అది తెలుస్తుంది. ఆ చేతి నేర్పును వీడియోలో పట్టి, రాలేకపోయిన విద్యార్థులకు అందజేయాలని మా కోరిక. రెండవ కెమెరాను పలక కోసమే కేటాయించాము. ముందురోజు సాయంకాలం మూడు కెమెరాలనూ ఆడించి చూచుకొన్నాము. అన్నీ చెప్పినట్లు విన్నవి.

మర్నాడు ఆయన కమాను చేతికి తీసుకొన్నారు. నేను రెండవ కెమెరా బొత్తాం నొక్కాను. బొత్తాం పచ్చగా వెలిగింది. తెర మీద బొమ్మ వస్తూనే ఉన్నది. జాయ్‌స్టిక్ వంచాను, కెమెరా కదలలేదు. మళ్లీ వంచాను; కదలలేదు. మూడోసారి కదిలింది గాని, జాయ్‌స్టిక్ వదిలినా ఆగలేదు. పలకను దాటి, ఆయనను దాటి, కిటికీని దాటి, చివర గోడవైపు తిరిగి నిలిచింది. ఇసుక నక్షత్రాకారంగా విడిపోయినప్పుడు ముందు వరుసలో కూర్చున్నవారు చప్పట్లు కొట్టారు. మా వీడియోలో ఆ చప్పట్లు వినబడతవి. కనబడేది సున్నం గోడ.

ఉపన్యాసం ముగిసిన తరువాత ఆ పెద్దాయన నా దగ్గరకు వచ్చి, "ఏమయింది నాయనా?" అని అడిగారు.

"నెట్‌వర్క్ సమస్య, మాస్టారూ," అన్నాను.

"నెట్‌వర్క్‌లో ఏమయింది?" అన్నారాయన.

నా దగ్గర జవాబు లేదు. సైన్సు చెప్పుకొని బ్రతికేవాడిని కారణం అడిగితే పేరు చెప్పి ఊరుకొన్నాను. జ్వరం ఎందుకు వచ్చిందంటే ఒళ్లు కాలుతున్నదని చెప్పినట్లు. ఈ వ్యాసం ఆయన ప్రశ్నకు నేను వెతుక్కొన్న సమాధానం.

ఏడు కెమెరాల గొలుసు

కంట్రోలర్‌కూ కెమెరాకూ మధ్య నడిచే భాషలలో ప్రసిద్ధమైనది సోనీ సంస్థ రూపొందించిన విస్కా. తరువాత అనేక ఇతర సంస్థలు కూడా దీనిని అనుసరించినవి. దీని మొదటి రూపం సీరియల్ తీగల కోసం ఏర్పడినది. కంట్రోలర్ నుండి మొదటి కెమెరాకు, దానినుండి రెండవదానికి, ఇట్లా గొలుసువలె తీగ సాగుతుంది. గొలుసులో ఏడు కెమెరాలకు మించి ఉండడానికి వీలులేదు. ఎందుచేత ఏడే?

విస్కాలో ప్రతి ఆజ్ఞా కొన్ని బైట్ల వరుస. మొదటి బైటులో పంపేవాని సంఖ్యకు మూడు బిట్లు, అందుకొనేవాని సంఖ్యకు మూడు బిట్లు కేటాయించారు. మూడు బిట్లతో 0 నుండి 7 వరకు ఎనిమిది సంఖ్యలు వ్రాయవచ్చును. 0 కంట్రోలర్‌ది. మిగిలినవి ఏడు. అంతే! తరగతిలో ద్విసంఖ్యామానం చెబుతూ "ఇది ఎక్కడ ఉపయోగిస్తుందండీ?" అని అడిగే విద్యార్థికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

ఈ కెమెరాలకు సంఖ్యలు ఇచ్చే పద్ధతి కూడా ముచ్చటైనది. కంట్రోలర్ గొలుసులోకి 1 అనే సంఖ్య గల సందేశాన్ని వదులుతుంది. మొదటి కెమెరా "నేను 1" అని గుర్తుపెట్టుకొని, సంఖ్యను 2 చేసి ముందుకు పంపుతుంది. రెండవది 2 తీసుకొని 3 చేసి పంపుతుంది. ఆ సందేశం తిరిగి కంట్రోలర్‌ను చేరేసరికి దానిలో కెమెరాల సంఖ్య కంటె ఒకటి ఎక్కువ ఉంటుంది. మూడు కెమెరాలుంటే 4 వస్తుంది. ఎవరూ ఏ అడ్రసూ వ్రాయనక్కరలేదు. ఇద్దరికి ఒకే సంఖ్య వచ్చే ప్రమాదమూ లేదు. తీగ క్రమమే సంఖ్యాక్రమం.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. సీరియల్ తీగలలో ఆర్.ఎస్.-232 రకానికి దూరం సుమారు 15 మీటర్లకు మించకూడదంటారు. ఆర్.ఎస్.-422 రకమైతే 1,200 మీటర్ల వరకు పోతుంది. వేగం సాధారణంగా సెకండుకు 9,600 బిట్లు. కాని దీనికొక గొప్ప గుణం ఉన్నది: తప్పు కంటికి కనబడుతుంది. గొలుసు తెగితే ఎక్కడ తెగిందో తీగ పట్టుకొని వెళ్లి చూడవచ్చును.

కవరులో పెట్టిన ఉత్తరం

నెట్‌వర్క్ వచ్చిన తరువాత సోనీవారు పాత భాషను పారవేయలేదు. ఆ బైట్లనే ఒక కవరులో పెట్టారు. కవరు మీద ఎనిమిది బైట్ల తలకట్టు: ఇది ఏ రకం సందేశం, లోపల ఎన్ని బైట్లున్నవి, దీని వరుస సంఖ్య ఎంత అన్న మూడు వివరాలు. ఈ కవరును యు.డి.పి. అనే పద్ధతిలో, 52381 అనే పోర్టుకు పంపుతారు. ఐ.పి. అడ్రసు ఇంటి చిరునామా అయితే, పోర్టు ఆ ఇంటిలో ఏ గది తలుపు తట్టాలో చెప్పే సంఖ్య అనుకోవచ్చును.

దీనివల్ల కలిగిన లాభాలు ముందు చెప్పుకోవాలె. కెమెరాలు ఏడే ఉండాలన్న నియమం పోయినది. ఒకే కెమెరాను రెండు చోట్లనుండి నడపవచ్చును. నెట్‌వర్క్ తీగ ఒక్కొక్క తునక 100 మీటర్లు పోతుంది. మధ్య స్విచ్‌లు పెట్టుకొంటే ఇంకా దూరం పోవచ్చును. విద్యుత్తును కూడా అదే తీగలో పంపే పద్ధతికి 2003లో ప్రమాణం ఏర్పడినది. ఆ ప్రమాణం ప్రకారం పరికరానికి దక్కేది సుమారు 13 వాట్లు. 2009లో వచ్చిన రెండవ ప్రమాణంలో అది 25.5 వాట్లయినది. ఆజ్ఞ, విద్యుత్తు, కొన్నిటిలో బొమ్మ కూడా ఒక్క తీగలోనే పోతున్నవంటే సామాన్యమైన సౌకర్యం కాదు.

వేగం సంగతి లెక్కవేసి చూద్దాము. తల త్రిప్పే ఆజ్ఞ తొమ్మిది బైట్లు. సీరియల్ తీగలో బైటుకు మొదలు, తుది గుర్తులతో కలిపి పది బిట్లు పోతవి. అనగా 90 బిట్లు. సెకండుకు 9,600 చొప్పున దీనికి 9.4 మిల్లీసెకండ్లు పడుతుంది. అదే ఆజ్ఞ అన్ని కవర్లూ తొడుక్కొని ఈథర్‌నెట్‌లో పోయేటప్పుడు 64 బైట్ల ఫ్రేము అవుతుంది. అంటే 512 బిట్లు. సెకండుకు పదికోట్ల బిట్ల తీగలో దీనికి పట్టేది 5 మైక్రోసెకండ్లకు కొంచెం ఎక్కువ. ఉత్తరం ఏడింతలు లావెక్కినా ప్రయాణం సుమారు 1,800 రెట్లు వేగం అయినది!

"అయితే కెమెరా ఆలస్యంగా కదులుతున్నట్లు తోస్తుందేమి?" అని కొందరు అడుగుతారు. తరచు ఆలస్యం ఆజ్ఞలో ఉండదు. చూచే బొమ్మలో ఉంటుంది. బొమ్మను కుదించి నెట్‌వర్క్‌లో పంపి మళ్లీ విప్పేటప్పుడు సెకండులో అయిదవ వంతు గడిచిందనుకోండి. కెమెరా సెకండుకు 30 డిగ్రీల చొప్పున తిరుగుతుంటే, మనం చూచి ఆపేసరికి 6 డిగ్రీలు దాటిపోయి ఉంటుంది. కనుక కంట్రోలర్ నడిపేవాని ఎదుట వీలైనంత ఆలస్యం లేని బొమ్మ ఉండాలె. ఈ సంగతి చాలా మార్గదర్శక పుస్తకాలలో కనబడదు.

పుస్తకం చెప్పిన మెట్లు, చెప్పని కారణం

ఇప్పుడు అసలు విమర్శకు వద్దాము. మా కంట్రోలర్‌తో వచ్చిన పుస్తకంలో అమరిక విధానం ఏడు మెట్లలో ముగిసింది. ఇది నొక్కండి, ఈ అడ్రసు వ్రాయండి, అది నొక్కండి, పచ్చదీపం వస్తే పని పూర్తి. బొమ్మలు ముద్దుగా ఉన్నవి. తప్పు ఒక్కటీ లేదు. కాని ఆ ఏడు మెట్లలో ఒక్కదానికైనా ఎందుకు అన్న మాట లేదు. వంట పుస్తకంలో పులుసు మరిగే కాలం వ్రాసి, మరిగిందని ఎట్లా తెలుస్తుందో వ్రాయనట్లున్నది. తరువాత చూచిన మరి నాలుగైదు సంస్థల పుస్తకాలు కూడా ఇదే తీరు.

ఆ కారణాలలో మొదటిది అడ్రసుకు సంబంధించినది. 192.168.0.100 వంటి అడ్రసు నిజానికి 32 బిట్ల సంఖ్య. ఇంటిలోపలి నెట్‌వర్కులకు వాడుకొనడానికి 192.168తో మొదలయ్యేవాటిని, మరి కొన్నిటిని 1996లో ప్రత్యేకించారు. దీని ప్రక్కన 255.255.255.0 అని మరొక సంఖ్య వ్రాయమంటారు. దీనిని సబ్‌నెట్ మాస్క్ అంటారు. అడ్రసులో ఎంత భాగం వీధి పేరో, ఎంత భాగం ఇంటి నంబరో చెప్పేది ఇదే. పై మాస్కులో మొదటి మూడు సంఖ్యలూ వీధి, చివరిది ఇల్లు. కంట్రోలర్ 192.168.1.10 అయి, కెమెరా 192.168.0.100 అయితే రెండూ ఒకే స్విచ్‌కు తగిలించి ఉన్నా వేర్వేరు వీధులలో ఉన్నట్లే లెక్క, మాట్లాడుకోలేవు. మాస్కును 255.255.255.128 చేస్తే వీధి మరి ఒక బిట్టు పొడుగవుతుంది. అప్పుడు చివరి సంఖ్యలు 100, 200 గల రెండు అడ్రసులు ఒకే వీధిలో ఉన్నవా? రెండింటినీ ద్విసంఖ్యలలో వ్రాయించి మొదటి బిట్టు చూడమంటే తొమ్మిదవ తరగతి విద్యార్థి కూడా చెప్పగలడు.

రెండవది ఇంకా ముఖ్యం. సోనీ పి.టి.జెడ్. కెమెరాలు అనేకం 192.168.0.100 అన్న అడ్రసుతోనే పెట్టెలోనుండి వస్తవి. మూడు కొత్త కెమెరాలు కొని ఒకేసారి తగిలిస్తే ముగ్గురు పిల్లలకు ఒకే పేరు పెట్టి పిలిచినట్లే. అందుచేత ఒక్కొక్కదానిని విడిగా తగిలించి అడ్రసు మార్చుకోవాలె. లేదా తయారీదారు ఇచ్చిన ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్‌తో, కెమెరా మీద అచ్చువేసిన 48 బిట్ల మ్యాక్ అడ్రసును బట్టి దేనిని మారుస్తున్నామో పోల్చుకోవాలె.

మాకు జరిగిన అనర్థం ఈ జాతిలోదే. మేము కెమెరాలకు చివరి సంఖ్యలు 11, 12, 13 అని చేతితో వ్రాసి స్థిరపరచాము. అదే నెట్‌వర్క్‌లోని రౌటర్, వచ్చిన ప్రతి కంప్యూటర్‌కూ తనంతట తాను అడ్రసు ఇచ్చే పని చేస్తున్నది. దీనిని డి.హెచ్.సి.పి. అంటారు. ఈ పంపకానికి మొత్తం వీధి, అనగా 2 నుండి 254 వరకు, విడిచిపెట్టి ఉన్నది. ముందురోజు రాత్రి కెమెరాలను ఆపివేసి వెళ్లాము. ఉదయం హాజరు వ్రాసే విద్యార్థి ల్యాప్‌టాప్ ముందుగా మేలుకొన్నది. రౌటర్ చూచుకొంటే 12 ఖాళీగా ఉన్నది, దానికి ఇచ్చింది. తరువాత రెండవ కెమెరా మేలుకొని, తనకు వ్రాసిపెట్టిన 12నే తీసుకొన్నది. కంట్రోలర్ "12 ఎవరు?" అని అడిగితే ఒకసారి కెమెరా పలికింది, ఒకసారి ల్యాప్‌టాప్ పలికింది. ఆజ్ఞలు కొన్ని కెమెరాకు, కొన్ని ల్యాప్‌టాప్‌కు పోయినవి. బొమ్మ మాత్రం విడి తీగలో వస్తున్నది కనుక చెడలేదు. బొమ్మ వస్తున్నందువల్లనే తప్పు నెట్‌వర్క్‌లో ఉన్నదని మాకు తోచలేదు.

ముందురోజు పరీక్ష నెగ్గి మర్నాడు ఎందుకు తప్పిందో ఇప్పుడు అర్థమవుతున్నది. తీగ మారలేదు, కెమెరా మారలేదు, కంట్రోలర్ మారలేదు. మేలుకొన్న వరుస మారింది.

పచ్చదీపం అర్థమేమిటి?

ఇంతకూ బొత్తాం పచ్చగా ఎందుకు వెలిగింది? ఆ దీపానికి అర్థం "ఈ కెమెరాను మీరు ఎంచుకొన్నారు" అని. "కెమెరా విన్నది" అని కాదు. ఈ భేదం పుస్తకంలో ఎక్కడా లేదు.

ఇది మరింత విచారించవలసిన సంగతి. ఎందుకంటే విస్కా భాషలోనే రెండు జవాబులు ఉన్నవి. ఆజ్ఞ అందగానే కెమెరా "అందినది" అని ఒక జవాబు పంపుతుంది. పని కాగానే "అయినది" అని రెండవ జవాబు పంపుతుంది. ఆ భాషను కూర్చినవారు వినడం వేరు, చేయడం వేరు అని ఎరిగినవారు. మా కంట్రోలర్ చేసినవారు ఈ రెండు జవాబులనూ విని కూడా నడిపేవానికి చెప్పకుండా ఊరుకొన్నారు. పచ్చదీపం కంటె పసుపు, పచ్చ అని రెండు దీపాలు పెట్టినట్లయితే ఆ ఉదయం అరనిమిషంలో తప్పు పోల్చుకొని మూడవ కెమెరాను పలక వైపు త్రిప్పేవాడిని.

ఇక ఆగకుండా తిరిగిన సంగతి. విస్కాలో కుడివైపు తిరుగుమన్న ఆజ్ఞ, షోడశాంశ పద్ధతిలో, ఇట్లా ఉంటుంది: 81 01 06 01 08 08 02 03 ఎఫ్‌ఎఫ్. ఆగుమన్న ఆజ్ఞ: 81 01 06 01 08 08 03 03 ఎఫ్‌ఎఫ్. మధ్యలోని రెండు 08లు వేగాలు. తేడా ఒక్క అంకె. తిరుగుమంటే ఎంతసేపు తిరగాలో దీనిలో లేదు. ఆగుమనేదాకా తిరుగుతూనే ఉంటుంది. జాయ్‌స్టిక్ వంచినప్పుడు మొదటి ఆజ్ఞ, వదిలినప్పుడు రెండవది పోతుంది. రెండవది దారితప్పితే కెమెరా తన కొస చేరేదాకా పోతుంది. సొంత తీగలో ఆజ్ఞలు దారితప్పవు కాబట్టి ఇది అప్పట్లో పెద్ద లోపం కాదు. యు.డి.పి. మార్గంలో అట్లా కాదు. యు.డి.పి. కార్డుముక్క వంటిది, టపాలో వేస్తాము, చేరితే చేరుతుంది. చేరిందని రశీదు రాదు.

ఈ సంగతి సోనీవారికి తెలియక కాదు. చేరినదీ లేనిదీ చూచుకొని, చేరకపోతే మళ్లీ పంపే భారం కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌దే అని వారి సాంకేతిక పత్రమే చెబుతున్నది. కవరు మీద వరుస సంఖ్య పెట్టినది అందుకే. జవాబు రాకపోతే అదే సంఖ్యతో మళ్లీ పంపవచ్చును. మొదటిది ఇదివరకే చేరి ఉంటే కెమెరా ఆ సంఖ్యను చూచి పోల్చుకొంటుంది. అయితే కొందరు తయారీదారులు ఈ కవరునే తీసివేసి, లోపలి బైట్లను మాత్రమే వేరే పోర్టులలో పంపుతారు. పేరు "విస్కా ఓవర్ ఐ.పి." అనే ఉంటుంది. ఒకరి కంట్రోలర్ మరొకరి కెమెరాతో మాట్లాడకపోవడానికి ఇది ఒక ముఖ్యకారణం. కొనేవాడు పేరు చూచి మోసపోకుండా పోర్టు సంఖ్య, కవరు ఉన్నదీ లేనిదీ అడిగి తెలుసుకోవాలె. వేర్వేరు సంస్థల నెట్‌వర్క్ కెమెరాలకు ఉమ్మడి భాష కావాలని యాక్సిస్, బాష్, సోనీ సంస్థలు 2008లో ఆన్విఫ్ అనే సంఘాన్ని స్థాపించినవి. అది ముఖ్యంగా కాపలా కెమెరాల రంగంలో వ్యాపించింది. వీడియో నిర్మాణంలో మాత్రం ఇంకా ఎవరి యాస వారిదే.

తాళం లేని తలుపు

ఇంకొక దోషం చెప్పక తప్పదు. విస్కా ఆజ్ఞలో "నీవెవరు?" అన్న ప్రశ్న లేదు. అడ్రసూ పోర్టూ తెలిసి, ఆ నెట్‌వర్క్‌లోకి ప్రవేశం ఉన్నవాడెవడైనా కెమెరాను త్రిప్పవచ్చును. గోడలోపల బిగించిన సొంత తీగకు తాళం అక్కరలేదు. గదికి తాళం ఉంటే చాలు. అదే భాషను నలుగురు నడిచే వీధిలోకి తెచ్చినప్పుడు తాళం సంగతి కూడా ఆలోచించవలసింది. కెమెరాలోని అమరిక పేజీలకు పాస్‌వర్డు ఉంటుంది నిజమే. కాని చాలామంది ఫ్యాక్టరీలో పెట్టినదానినే ఉంచేస్తారు.

దీని ఫలితం ప్రపంచం 2016లో చూచింది. మిరాయ్ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కాపలా కెమెరాలలోకి, వీడియో రికార్డర్లలోకి, రౌటర్లలోకి చొరబడి వాటిని తన సైన్యంగా చేసుకొన్నది. ఆ ఏడు అక్టోబరు 21న ఆ సైన్యం డిన్ అనే సంస్థ మీద పడగా, అమెరికాలో అనేక ప్రసిద్ధ వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు అందలేదు. తరువాత కాలిఫోర్నియా రాష్ట్రం 2018లో, అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మడాన్ని అరికట్టే చట్టం చేసింది. అది 2020 జనవరి నుండి అమలులోకి వచ్చింది. బ్రిటన్‌లో ఇటువంటి చట్టం 2024 ఏప్రిల్‌లో అమలయింది. తరగతి గదిలో పిల్లల ఎదుట పెట్టిన కెమెరా విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరమని ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

ఏమి చేయవలె?

తయారీదారులు మారేదాకా మనం చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. కెమెరాలకు అడ్రసులు ఇచ్చే ముందు ఒక కాగితం మీద పట్టిక వ్రాసుకోవాలె: కెమెరా సంఖ్య, ఐ.పి. అడ్రసు, మాస్కు, పోర్టు, మ్యాక్ అడ్రసు. చేతితో వ్రాసే అడ్రసులకు ఒక భాగం, రౌటర్ పంచేవాటికి మరొక భాగం విడదీయాలె. 11 నుండి 50 వరకు కెమెరాలకు, 100 నుండి 200 వరకు వచ్చేపోయేవారికి అన్నట్లు. వీలైతే కెమెరాల నెట్‌వర్క్‌ను అసలు వేరుగానే ఉంచాలె. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మొదటిరోజే మార్చాలె. కెమెరా పోర్టును బయటి ఇంటర్నెట్‌కు తెరవకూడదు. విద్యుత్తును నెట్‌వర్క్ తీగలో పంపుతుంటే, స్విచ్ ఇచ్చే వాట్లు కెమెరాకు కావలసిన వాట్ల కంటె తక్కువ కాకుండా చూచుకోవాలె.

పరీక్షకు కూడా ఒక క్రమం ఉండాలె. మొదట విద్యుత్తు, తరువాత తీగ కలిసిన దీపం, తరువాత పింగ్, తరువాత ఆజ్ఞ. పింగ్‌కు జవాబు వచ్చినంత మాత్రాన పలికినది కెమెరాయే అనుకోరాదు, కంప్యూటర్‌లోని ఏ.ఆర్.పి. పట్టికలో కనబడే మ్యాక్ అడ్రసును కెమెరా మీద అంటించినదానితో పోల్చాలె. అన్నిటికంటె ముఖ్యం, అన్నిటినీ ఆపివేసి వేరువేరు వరుసలలో వెలిగించి చూడాలె. ఒకే వరుసలో పదిసార్లు పరీక్షించడం ఒకసారి పరీక్షించడంతో సమానం.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు కెమెరాలు లేకపోయినా ఇబ్బంది లేదు. ఏడుగురు విద్యార్థులను వరుసగా కూర్చోబెట్టి, 1 అని వ్రాసిన చీటీని మొదటివానికి ఇవ్వండి. ప్రతివాడూ ఆ సంఖ్య తనదిగా తీసుకొని, ఒకటి కలిపి ప్రక్కవానికి అందించాలె. చివర మీకు 8 వస్తుంది. ఇది విస్కా గొలుసు. తరువాత ఇద్దరికి ఒకే హాజరు సంఖ్య ఇచ్చి, కళ్లు మూసుకొని ఆ సంఖ్య పిలిచి, పలికినవానికి చీటీలు అందించండి. "లేవండి" అన్న చీటీ ఒకడికి, "కూర్చోండి" అన్న చీటీ రెండవవానికి చేరినప్పుడు తరగతి అంతా నవ్వుతుంది. నిలబడ్డవాడు నిలబడే ఉంటాడు. మా కెమెరా గోడవైపు ఎందుకు పోయిందో ఆ తరగతికి జన్మలో మరువు రాదు.

మొత్తంమీద నా తీర్పు ఇది. నెట్‌వర్క్ కంట్రోలర్ మంచి పనిముట్టు. పాత తీగ పద్ధతికి తిరిగిపొమ్మని నేననను. దాని భాషలో జవాబు చెప్పే ఏర్పాటు ఉన్నది. ఆ జవాబును మనిషికి వినిపించని కంట్రోలర్‌దీ, మెట్లు చెప్పి కారణం దాచిన పుస్తకానిదీ దోషం. ఆ పుస్తకాన్ని కారణం అడగకుండా అనుసరించిన నా దోషం కూడా దానితో కలపాలె. ఏడు మెట్లతో పాటు మరొక్క పుట వేసి, ఆజ్ఞ ఏ దారిన పోతుందో, ఎక్కడెక్కడ తప్పిపోగలదో, తప్పినదని ఎట్లా తెలుస్తుందో వ్రాస్తే తయారీదారులకు పోయేదేమీ లేదు. కొనేటప్పుడు ఆ పుట ఉన్నదా అని మనం అడగడం మొదలుపెడితే వారే వేస్తారు.

ఉపన్యాసం జరిగిన పదిరోజులకు కారణం తేలింది. ఆ పెద్దాయనకు ఫోన్ చేసి, రెండింటికి ఒకే అడ్రసు పడిన సంగతి మొదటినుండి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే ఈసారి కెమెరాలు ముందు వెలిగించి, ల్యాప్‌టాప్ తరువాత వెలిగిస్తే బాగుపడేదా?" అని అడిగారు. "ఆ రోజుకు బాగుపడేది; తప్పు మాత్రం అట్లాగే ఉండేది, మాస్టారూ," అన్నాను. "ఇప్పుడు తెలిసింది నీకు," అన్నారాయన. ఇత్తడి పలకతో మరొకసారి వస్తానని కూడా మాట ఇచ్చారు. ఈసారి ఆయన రాకముందే అడ్రసుల పట్టిక వ్రాసి, కంట్రోలర్ ప్రక్కన గోడకు అంటించి ఉంచాను.